ఓబులాచారి మిషన్ మీది గీత

పోత ఇనుము మీద కిరసనాయిలు పోసి పాత గుడ్డతో రుద్దితే ఒక వాసన లేస్తుంది. అది ఒట్టి కిరసనాయిలు వాసన కాదు. ఏళ్ళ తరబడి ఆ ఇనుముకు పట్టిన టేకు పొట్టు, వేపచెక్క చేదు, గ్రీజు, తుప్పు అన్నీ కలిసి ఒక్కసారిగా బయటికి వస్తాయి. పోయిన నెల కదిరిలో, కిటికీలు చేసే, మూతపడిన ఒక షెడ్డులో నేనొక మిషన్ చూస్తున్నాను. పాత యంత్రాలను పరిశీలించి ఏది ఎంతకాలం పని చేస్తుందో, ఏది దేనికీ పనికిరాదో కాగితం మీద రాసివ్వడం ఇప్పుడు నా ఉద్యోగం. కిరసనాయిలు పోసి, తుడిచి, సుద్దముక్క అరగదీయడానికి వంగాను. ఆ వాసన ముక్కుకు తగిలింది. చెయ్యి ఆగిపోయింది. దూరంగా నిలబడిన యజమాని, "ఏం సార్, ఏమన్నా ఉండాదా?" అని అడిగాడు. ఏమీ లేదని చెప్పి బయటికి వచ్చి, గోడ నీడలో కాసేపు నిలబడ్డాను. ఫక్రుద్దీన్ సాబు పోయి ఐదేళ్ళయింది. ఆయన గురించి రాయాలని చాలాసార్లు అనుకున్నాను. రాస్తే నా గురించి కూడా రాయాల్సి వస్తుందని ఆగిపోతూ వచ్చాను.

ఆయన పెనుకొండవాడు. దర్గాకు వెళ్ళే దారిలో రెండు గదుల ఇల్లు. అంగడి లేదు, బోర్డు లేదు. హిందూపురం నుంచి ధర్మవరం దాకా రైలు పట్టాల వెంబడి ఉన్న ఊళ్ళలో ఏ వడ్రంగి మిషన్ అమ్మాలనుకుంటున్నాడో, ఏ వడ్రంగి కొనాలనుకుంటున్నాడో ఆయనకు తెలిసేది. ఆ ఇద్దరినీ కలిపేవాడు. అందరూ వాటిని మల్టీ మిషన్లు అనేవాళ్ళు. ఒకే దిమ్మె మీద పైన చిత్రిక పట్టడం, కింద మందం తీయడం, పక్కన రంపపు కోత, ఆ చివర బెజ్జం వేయడం. నలుగురి పని ఒక్కడు చేసుకోవచ్చు. చిన్న వడ్రంగికి కొత్తది అందదు. పాతది, అందులోనూ మంచిది దొరకాలి. ఆ 'మంచిది' అన్న మాటే సాబు బతుకు. ఒక సైకిలు, ఒక కాన్వాసు సంచి. సంచిలో ఒక ఉక్కు స్కేలు, పొడుగాటి స్క్రూడ్రైవరు, కిరసనాయిలు సీసా, సుద్దముక్కలు, రెండడుగుల తుమ్మచెక్క. తుమ్మను అదరకుండా చిత్రిక పట్టగలిగిన మిషన్ దేన్నైనా పడుతుందని ఆయన లెక్క.

నేను హిందూపురంలో మెకానికల్ డిప్లొమా ముగించి ఏడాది ఖాళీగా ఉన్నాను. తొంభైల చివరి సంవత్సరాలవి. మా నాయన బెల్లం మండీలో హమాలీ. సాబు ఒకసారి మండీ పక్కనున్న టింబర్ డిపోకు వస్తే నాయన పట్టుకున్నాడు. "సాబూ, మావోడు మిషన్లు సదివినాడు. ఇంట్లో ఫ్యాను కింద పండుకొని ఫ్యాను గురించి చెప్తాండాడు. నీ ఎంబడి తిప్పుకోరాదా" అన్నాడు. సాబు నన్ను పైనుంచి కిందికి చూసి, "చెప్పులు గట్టివేనా? సైకిలు ఒగటే ఉండాది" అన్నాడు. అదే నా ఇంటర్వ్యూ.

మొదట నేర్చుకున్నది మిషన్ వయసు చెప్పడం. హిందూపురంలోనే ఒక షెడ్డులో పచ్చ రంగు పూసిన మిషన్ చూడబోయాం. "సీనా, దీని వయసెంత?" అని అడిగాడు. నేను నంబరు పలక కోసం చుట్టూ వెతికాను. పలక ఉండాల్సిన చోట రెండు ఖాళీ బెజ్జాలున్నాయి. తెలియదన్నాను. ఆయన కాలి దగ్గర, దిమ్మె మూలలో గోటితో గీకాడు. పచ్చ రంగు లేచింది. దాని కింద ఎండిపోయిన కుంకుమ, దాని కింద రంగు, మళ్ళీ పసుపు. ప్రతి ఆయుధ పూజకూ మిషన్ కడిగి, రంగు పూసి, బొట్టు పెడతారు. చెట్టు మొద్దులో వలయాలు లెక్కపెట్టినట్టు ఆయన ఆ పొరలు లెక్కపెట్టాడు. "ఎనిమిది పూజలు. దాని మీద ఈ దుమ్ము చూడు, రెండేండ్లది. ఆ మీద అమ్మకానికి పూసిన పచ్చ రంగు." రెండేళ్ళు పూజ ఎందుకు చేయలేదని అడిగాను. "పని లేని ఇంట్లో ఏ మొగంతో బొట్టు పెడతాడప్పా?" అన్నాడు. నేను చదువుకున్న పుస్తకాల్లో యంత్రానికి వయసు ఉంది, అరుగుదల ఉంది. ఇది లేదు.

రెండోది అంతకంటే విలువైనది. దాన్నే నేను నిలుపుకోలేకపోయాను. మిషన్‌లో లోపం కనబడితే సాబు అక్కడ పెదవి విప్పేవాడు కాదు. గుడ్డతో చేతులు తుడుచుకుని, యజమాని భుజం మీద చెయ్యి వేసి, పక్కకు తీసుకుపోయి, చెవిలో చెప్పేవాడు. తర్వాత కొనేవాణ్ణి ఇంకో పక్కకు తీసుకుపోయి వాడి చెవిలోనూ అదే చెప్పేవాడు. బేరం ఆ తర్వాతే. నాకిది తమాషాగా అనిపించింది. లోపం లోపమే కదా, అందరి ముందు చెప్తే ఏమని అడిగాను. ఆయన పాసింజరు రైల్లో కిటికీ పక్కన కూర్చుని బీడీ నలుపుతున్నాడు.

"కొనేవానికి నేను దాస్తాండానా?"

"లేదు."

"అమ్మేవానికి దాస్తాండానా?"

"లేదు సాబూ."

"మల్ల వీధికేం పనప్పా? మనం కాకపోతే రేపు ఇంకొకడు కొంటాడు, వాని అవసరం వానిది. వీధిలో అన్నామనుకో, రేపు ఇంకొకడు రాడు. మిషన్‌కు రిపేరు చెయ్యొచ్చు. పేరుకు చేసే మెకానిక్ యాడుండాడు?"

నాకొక నోటు పుస్తకం ఉండేది. మిషన్ చూసేటప్పుడు ఏమేం చూడాలో వరుసగా రాసుకున్నాను. మొత్తం ఇరవై మూడు అంశాలు. బేరింగు మోత. షాఫ్టు ఊగుడు. బ్లేడ్లు బిగించే దిమ్మె. బెడ్డు అనే పోత ఇనుప బల్ల చదును, మూల నుంచి మూలకు. రంపం, చెక్కను ఆనించే అడ్డపట్టీ సమాంతరం. చివరికి మోటారు. మోటారు చివరిది కావాలన్నది సాబు సలహా. "మోటారు యాడన్నా దొరుకుతాది. బెడ్డు పోతే మిషన్ పోయినట్లే. చానామంది మోటారు మోత విని పడిపోతారు, పెండ్లి చూపుల్లో పాట విన్నట్ల." ఆయనకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు చదవడం రాదు. రైల్లో నా చేత ఆ జాబితా చదివించుకుని వినేవాడు. బాగుంటే తల ఊపేవాడు. ఆయన ముప్పై ఏళ్ళుగా చేతులతో చేస్తున్నది నా కాగితం మీద వరుసగా వినబడితే ఆయన మొహంలో ఒక రకమైన సిగ్గు, సంతోషం. అది చూసి నాకు పొగరు పెరిగింది. ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు తెలియలేదు.

ఏడాదిన్నర గడిచాక రామాంజి వచ్చాడు. హిందూపురంలో తలుపులు, కిటికీల కార్ఖానా పెట్టబోతున్నాడు. మంచి మల్టీ మిషన్ చూసిపెడితే, దాని బాగోగులు చూడటానికి నన్నే నెల జీతం మీద పెట్టుకుంటానన్నాడు. సాబు వెంటనే ధర్మవరం ఓబులాచారి పేరు చెప్పాడు. ఓబులాచారి మగ్గాలు చేసే వడ్రంగి. పట్టుచీరలు నేసే వీధిలో రేకుల షెడ్డు, అందులో ఒక మిషన్. కరెంటు మగ్గాలు రావడంతో చేతిమగ్గాలు చేయించుకునే వాళ్ళు తగ్గిపోయారు. మోకాళ్ళూ సహకరించడం లేదు. మిషన్ అమ్మి, పెండ్లాం పుట్టిల్లయిన ముదిగుబ్బకు పోయి ఇరవై గొర్రెలు కొనుక్కోవాలని ఆయన ఆలోచన. షెడ్డు ఖాళీ చేస్తానని యజమానికి మాట కూడా ఇచ్చేశాడు. "నాలుగేండ్లుగా ఆ మిషన్ మింద నా కన్నుండాది. అట్లాంటిది ఈ లైన్లో ఇంగొకటి లేదు. బిడ్డను సాకినట్ల సాకినాడు" అన్నాడు సాబు.

వెళ్ళాల్సిన రోజు పొద్దున పెనుకొండలో సాబు బంధువు ఒకాయన చనిపోయాడు. ఖననం అయ్యాక మధ్యాహ్నం రైలుకు వస్తానని, నన్నూ రామాంజినీ ముందు వెళ్ళమన్నాడు. స్టేషన్లో నా చేతికి సంచి ఇచ్చి చెప్పాడు: "చూడు. రాసుకో. నేనొచ్చేదాకా నోరు తెరవొద్దు." అంతే. ఇప్పటికీ ఆ మాటలు అదే గొంతుతో వినబడతాయి. అంత సులువైన పని నాకెవరూ అప్పగించలేదు.

ఓబులాచారి మిషన్ నిజంగానే బిడ్డలా ఉంది. నట్టు నట్టుకూ నూనె. కుంకుమ బొట్టు ఆ ఏడాదిదే. ఆయన సన్నగా, పొడుగ్గా, పంచె మోకాళ్ళ పైకి కట్టుకుని ఒక స్టూలు మీద కూర్చున్నాడు. "చూసుకోప్పా, బాగా చూసుకో" అన్నాడు. నేను పుస్తకం తెరిచి ఒకటో అంశం నుంచి మొదలుపెట్టాను. షెడ్డు వీధి వైపు తెరిచి ఉంటుంది. కొత్త మనుషులు వచ్చారని నేతగాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని చూస్తున్నారు. గంట గడిచింది. పంతొమ్మిది అంశాల్లో ఒక్క తప్పూ లేదు. రామాంజికి విసుగు పుట్టింది. "ఏమప్పా డిప్లొమా, ఏమన్నా కనుక్కుంటాండావా, ఊరికే అంట్లు తోముతాండావా?" అన్నాడు. వీధి అంతా నవ్వింది. ఎవరో, "చేతులు మెత్తగుండాయి, అంట్లు కూడా సరిగా తోమలేడు" అన్నారు. మళ్ళీ నవ్వారు. నేను విసురుగా పేజీ తిప్పాను.

ఇరవయ్యో అంశం, బెడ్డు పగుళ్ళు. పోత ఇనుములో సన్నటి పగులు కంటికి కనబడదు. కిరసనాయిలు పోస్తే అందులోకి దిగుతుంది. పైన తుడిచేసి సుద్ద అరగదీస్తే, లోపల దిగిన నూనె మెల్లగా పైకి ఊరి, తెల్లటి సుద్ద మీద నల్లటి గీతగా కనబడుతుంది. నేను రంపం పక్కన బల్ల మీద ఆ పని చేసి కనిపెట్టుకుని ఉన్నాను. రెండు నిమిషాలకు గీత వచ్చింది. అడ్డపట్టీ జారే గాడి మూల నుంచి మొదలై జానెడు దూరం. పగులు మూలల నుంచే మొదలవుతుందని నేను చదువుకున్నాను. సుత్తి పిడితో కొట్టి చూశాను. గణగణ మోగాల్సింది మొద్దుగా పలికింది. నేను లేచి నిలబడి, పుస్తకం మూసి, అందరికీ వినబడేటట్టు అన్నాను:

"బెడ్డు పగిలిపోయింది. ఈ మిషన్ పనికిరాదు."

నవ్వులు ఆగిపోయాయి. ఓబులాచారి స్టూలు మీద నుంచి లేవడానికి కాసేపు పట్టింది. వచ్చి వంగి చూశాడు. "అది పగులు గాదు సామీ. నేను గీసుకున్న గీత. మగ్గానికి అడ్డబద్దెలు అన్నీ ఒగే కొలత రావాలని, రంపం నుంచి ఇంత దూరమని, మిషన్ వచ్చిన కొత్తల్లో సూదిమొన ఉలితో గీసుకున్నా. ప్రతిసారీ టేపు పట్టే పనుండదని." 

"గాడి మూల నుంచే ఎందుకు గీసినావు మరి?" అన్నాను.

"ఆడ ఆనించుకుంటే చెయ్యి కదలదు, అందుకని."

"మరి కొడితే ఎందుకు మోగలేదు?"

"కింద గోనె పట్టాలు మడిచి పెట్టినాను కదప్పా, పక్కింట్లో పసిపిల్లోడు నిద్రపోయేదానికి."

"అమ్మేవాళ్ళందరూ ఏదో ఒకటి చెప్తారు" అన్నాను నేను. ఆ మాట అన్నది నేనే. ఇరవై రెండేళ్ళవాణ్ణి, నాకు రెండింతలు దాటిన వయసున్న మనిషితో, ఆయన వీధిలో, ఆయన వాళ్ళ ముందు. రామాంజి కండువా దులుపుకుని, "తప్పించినావప్పా నన్ను" అని నా భుజం తట్టి బయటికి నడిచాడు. అరుగు మీద ఒకామె పక్కామెతో, "పగిలిన మిషన్ అమ్మాలని చూసినాడంట" అంది. ఓబులాచారి తల తిప్పి ఆమె వైపు చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి ఆ సుద్ద తుడవడం మొదలుపెట్టాడు.

సాబు వచ్చేసరికి వీధి ఖాళీ అయింది. నేను సంగతి చెప్పాను, కొంచెం గర్వంగానే. ఆయన షెడ్డులోకి పోయి, ఆ గీత మీద బొటనవేలి గోరు అడ్డంగా నడిపాడు. ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకు. స్కేలు తీసి గీత పక్కన పెట్టాడు. స్కేలుకూ గీతకూ మధ్య వెంట్రుక దూరలేదు. అప్పుడు ఓబులాచారి భుజం మీద చెయ్యి వేసి మూలకు తీసుకుపోయాడు. ఏం చెప్పాడో నాకు వినబడలేదు. ఓబులాచారి తల ఊపుతూ ఉండటం మాత్రం కనబడింది.

తిరుగు రైల్లో సాబు అన్నాడు: "పగులు యాడన్నా అంత నేరుగా పోతాదేమప్పా? ఎండిన చెరువులో చూడలేదా? రంపానికి సమానంగా, స్కేలు పెట్టినట్ల పగిలే ఇనుము ఏ బడిలో చెప్పినారు నీకు?"

నేను చూసింది ఒక గీత. అది ఎలా పోతోందో చూడలేదు.

"నీ పట్టీలో ఎన్ని ఉండాయన్నావు?"

"ఇరవై మూడు."

"మిషన్ నడిపినోని మాట వినేది అందులో ఎన్నోది?"

నేను పుస్తకం సంచిలో పెట్టేశాను.

మరుసటి రోజే మేమిద్దరం హిందూపురంలో రామాంజి దగ్గరికి పోయాం. దారిలో నేను ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటూ ఉన్నాను. నాది తప్పు, అది పగులు కాదు, మీరు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. మూడు వాక్యాలు. కానీ సాబు నాకంటే ముందు మాట్లాడాడు. "రామాంజీ, ఆ మిషన్ బంగారం. గాడి మూల గీత కనబడితే పగులేనని పిల్లోనికి నేనే నేర్పినా. నేర్పింది తప్పు. వాడు నేను చెప్పింది చెప్పినాడు." నేను తలెత్తి ఆయన్ని చూశాను. ఆయన నన్ను చూడలేదు. రామాంజి నవ్వాడు. "ఏం సాబూ, రేత్రికి రేత్రే పగులు అతుక్కుందా? కమీషన్ గుర్తొచ్చిందా, కన్ను పోయిందా?" 

"కన్నే అనుకో."

"కన్ను పోయినోని మాట మింద నేను దుడ్లు పెట్టాల్నా?"

సాబు టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. నా గ్లాసులో టీ అలాగే ఉంది. రామాంజి నాతో, "ఒకటో తేదీ నుంచి రాప్పా, బెంగుళూరు నుంచి వేరే మిషన్ తెప్పిస్తాండా. నీ కన్ను బాగుండాది" అన్నాడు. నేను సరేనన్నాను. మూడు వాక్యాలు నా దగ్గరే ఉండిపోయాయి. బయటికి వచ్చాక సాబు సైకిలు తాళం తీస్తూ, "ఉద్యోగం దొరికినాదని మీ నాయనకు చెప్పు, సంతోషపడతాడు" అన్నాడు. ఆయన నన్ను కాపాడాడని ఆ రోజు అనుకున్నాను. నేను వెనక్కి పోయి నిజం చెప్తానేమోనని ఎదురుచూస్తూ ఆ గుమ్మం ముందర తాళంతో ఒక నిమిషం ఎక్కువసేపు కష్టపడ్డాడని తర్వాతెప్పుడో తట్టింది.

ఆ తర్వాత సాబు ఇంకో ఇద్దరిని ధర్మవరం తీసుకుపోయాడని విన్నాను. ఒకడు వీధి మొదట్లో దారి అడిగితే ఎవరో, "ఆ పగిలిన మిషనా?" అన్నారట. అక్కడి నుంచే వెనక్కు తిరిగాడు. రెండోవాడు షెడ్డు దాకా వచ్చి, గీత చూసి, వద్దన్నాడు. సాబును పిలిచేవాళ్ళు కూడా తగ్గారు. కన్ను పోయిందన్న మాట రామాంజి నుంచి టింబర్ డిపోకు, డిపో నుంచి ఊరూరికీ పోయింది. షెడ్డు ఖాళీ చేయాల్సిన గడువు దాటింది. అందులో దిగబోయే కరెంటు మగ్గాల వాళ్ళు సామాను తెచ్చి వాకిట్లో పెట్టుకున్నారు.

ఒకరోజు పొద్దున సాబు కార్ఖానా గేటు దగ్గరికి వచ్చి నన్ను పిలిచాడు. లోపలికి రాలేదు. గంట సెలవు అడిగి వెంట వెళ్ళాను. హిందూపురం శివార్లలో గుజిరీ సామాను కొట్టు. ఓబులాచారి మిషన్ నేల మీద పడుకుని ఉంది. మోటారు, షాఫ్టు అప్పటికే విప్పేశారు. పోత ఇనుమును తూకానికి వేయాలంటే ముక్కలు చేయాలి. ఇద్దరు మనుషులు సమ్మెటలు పట్టుకుని వంతులవారీగా కొడుతున్నారు. నాలుగు దెబ్బలకు కూడా బెడ్డు పగల్లేదు. అందులో ఒకడు చెమట తుడుచుకుని, "యాడిదో గాని గట్టి సరుకప్పా" అన్నాడు. తొమ్మిదో దెబ్బకో పదో దెబ్బకో పగిలింది. గీత వెంట కాదు. గీతకు అడ్డంగా, వంకరటింకరగా. సాబు వంగి, పగిలిన అంచు నాకు చూపించాడు. పాత పగులైతే లోపల నల్లగా తుప్పు ఉంటుంది. అక్కడ ఈ చివర నుంచి ఆ చివర దాకా కొత్త బూడిద రంగు, చక్కెర పలుకుల్లా మెరుస్తోంది. నేను సాబు మొహం చూడబోయాను. "నన్ను కాదు, దాన్ని చూడు" అన్నాడు. ఇద్దరం చివరి ముక్క దాకా నిలబడి చూశాం. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఓబులాచారికి ముదిగుబ్బా లేదు, గొర్రెలూ లేవు. ధర్మవరం బస్టాండు వైపు ఒక తలుపుల అంగట్లో దినకూలీకి చేరాడని, చేత్తో చిత్రిక పడుతున్నాడని తెలిసింది. సాబు ఇంటికి నేను పండగకో పబ్బానికో వెళ్ళేవాణ్ణి. ఆ విషయం ఎత్తేవాడు కాదు. నేనూ ఎత్తలేదు. నా జీతం, నా పని గురించి అడిగేవాడు. ఆయన సంచి గోడకు వేలాడుతూ ఉండేది. ఒకసారి సాబు భార్య, "ఈయప్ప ఇప్పుడు రైలు టైములు కూడా మరిచిపోయినాడు బాబూ" అంది. ఆయన నవ్వాడు. కొన్నేళ్ళకు జబ్బు పడి, పది రోజుల్లో పోయాడు.

ఖననం ముగిశాక నేను హిందూపురం పోలేదు. అటు రైలెక్కి ధర్మవరం పోయాను. ఓబులాచారి ఒక ద్వారబంధం మీద వంగి పని చేస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. సాబు పోయాడని చెప్పాను. చిత్రిక పక్కన పెట్టాడు. నేను ఎన్నో ఏళ్ళుగా దాచుకున్నది బయటపెట్టాను. తప్పు నాదే, సాబు నాకు అలా నేర్పలేదు, నోరు తెరవొద్దన్నా తెరిచాను. క్షమించమన్నాను.

"నాకు చెప్తే ఏమొస్తాదప్పా?" అన్నాడు. కోపంగా కాదు, అలసటగా. "ఆ గీత గీసింది నేను. దాని సంగతి నీకంటే నాకు ముందే తెలుసు. సాబు ఏడాదికొకసారి వచ్చి, తప్పు నాదేనని ఈ మాటే చెప్పి పోతాండె. ఎవరి ముందర అన్నావో ఆళ్ళకు చెప్పు."

"అప్పుడు ఎవరెవరున్నారో నాకు గుర్తులేదు పెద్దాయనా."

"నాకుండాది. రాసుకో."

వేళ్ళ మీద లెక్కపెడుతూ ఒక్కొక్క పేరే చెప్పాడు. ఎవరు షెడ్డు గుంజకు ఆనుకుని నిలబడ్డారో, ఎవరు అరుగు మీద కూర్చున్నారో, ఎవరు అంట్ల మాటకు గట్టిగా నవ్వారో. పద్దెనిమిది పేర్లు. ఒక్కచోట కూడా తడబడలేదు. ఇన్నేళ్ళూ ఆ పేర్లు ఆయన ఎన్నిసార్లు లెక్కపెట్టుకుని ఉంటాడో. ముగిశాక చిత్రిక తీసుకుని మళ్ళీ వంగాడు.

మొదట రామాంజికి చెప్పాను. కార్ఖానాలో, పనివాళ్ళందరి ముందు. "ఎప్పటి సంగతో, ఇప్పుడెందుకప్పా" అని విసుక్కున్నాడు. ఆ నెలాఖరుకు అక్కడ ఉద్యోగం మానేశాను. తర్వాత ఆ వీధికి పోయాను. సగం ఇళ్ళలో మనుషులు మారిపోయారు. షెడ్డులో కరెంటు మగ్గాల మోత. మాట వినబడాలంటే అరవాలి. నేను అరిచే చెప్పాను. ఒక ముసలామె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏ మిషనూ?" అంది. మొదటి నుంచి చెప్పాను. మిగిలిన వాళ్ళ ఊళ్ళు కనుక్కుంటూ సెలవు దొరికినప్పుడల్లా పోతూ ఉన్నాను. అనంతపురం, ముదిగుబ్బ, బెంగుళూరులో ఒక సందు. కొందరికి ఆ రోజే గుర్తులేదు. కొందరు జాలిగా చూశారు. ఇద్దరు నేను వెళ్ళేలోపే చనిపోయారు.

ఈ మధ్య అమరాపురం పోయాను. జాబితాలో పదిహేనో పేరు. నేత మానేసి పట్టుపురుగులు పెంచుకుంటున్న మనిషి. మల్బరీ ఆకుల గంపలు దింపుకుంటూ, నేను చెప్పిందంతా విన్నాడు. విని, గంప పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"అయితే పగల్లేదా అది?"

"లేదు."

"మేమేమనుకున్నామంటే, రేటు దించేదానికి ఆ సాబు నీ చేత అట్ల చెప్పించినాడని. ముందర పిల్లోన్ని పంపి పగిలిందనిపించి, ఎనకాల తాను వచ్చి అగ్గువకు కొట్టేసేదానికి. వీధంతా అదే అనుకున్నాము. మరుసటి నెల ఆయప్ప మనుషుల్ని పిలుచుకొని వచ్చినప్పుడు మేమే వాళ్ళకు చెప్పి పంపించినాము, ఈ సాబును నమ్మొద్దని."

ఇన్నేళ్ళూ నేను ఒక మిషన్ పేరు చెడగొట్టాననే అనుకుంటూ తిరిగాను. ఆ వీధిలో సాబు నడిచినప్పుడు ఆయన వెనక ఏం మాట్లాడుకునేవాళ్ళో నాకు తెలియదు. ఆయనకు తెలిసి ఉంటుంది. తెలిసే ఏడాదికొకసారి ఆ వీధి గుండా వెళ్ళి ఉంటాడు.

ఆ మనిషి గంప దించి, ఇంటి వైపు తిరిగి, వీధంతా వినబడేటట్టు కేకేశాడు: "ఏమే, ఇనిండావా? ధర్మవరంలో ఆ సాబు మోసగాడు కాదంట!"

లోపల నుంచి ఆమె ఏదో అడిగింది. అతను మళ్ళీ చెప్పాడు, ఇంకా గట్టిగా. పక్కింటివాళ్ళు బయటికి వచ్చారు. వాళ్ళకు సాబు ఎవరో తెలియదు. నేను వాళ్ళకు కూడా చెప్పాను.

ఇంకా ముగ్గురు ఉన్నారు. ఒకాయన సూరత్ వైపు పోయాడంటారు. మిగతా ఇద్దరి ఊరు తెలియదు. వాళ్ళ పేర్లున్న కాగితం నా దగ్గరే ఉంది. అందులో ఓబులాచారి చెప్పని పేరు ఒకటి, ఫక్రుద్దీన్ సాబు అని, పైన రాసుకున్నాను, కొత్త ఊరికి పోయినప్పుడు ఎవరి గురించి చెప్పడానికి వచ్చానో ముందు అది చెప్పాలని.